ఇరవై అంకెల చంపకమాల

1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్య నాకు ముందు చెవికి తెలిసింది, తర్వాతే కంటికి. కార్తీకమాసంలో ఒకరోజు తెల్లవారుజామున నంద్యాలలో బయలుదేరి, నవనందులను ఒక్కొక్కటిగా చూసుకుంటూ సాయంత్రానికి మహానంది చేరాం. కోనేట్లో మునిగి వచ్చి, గుడి బయట మామిడిచెట్టు కింద బండ మీద కూర్చున్నాం. మా జేజినాయన నంద్యాలలో వడ్ల మండీ గుమాస్తా. బస్తాలు, తూకాలు, తరుగులు ఆయన నాలుక చివర ఉండేవి. నా జేబులో బడి నుంచి తెచ్చిన సుద్దముక్క ఉంది. బండ మీద చదరంగం గళ్ళు గీయించి, బహుమానంగా రాజుగారిని గింజలడిగిన పాత కథే చెప్పాడు. మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు, అలా రెట్టించుకుంటూ అరవై నాలుగో గడి దాకా పోవాలి.

"మొత్తం ఎన్నయితాయో చెప్పు అబ్బీ."

పద్నాలుగో గడిలో 8,192 వేసి ఆగిపోయాను. "నాకు కాదు జేజినాయనా, నువ్వే చెప్పు" అన్నాను.

"నేను పద్యం చదువుతా. ఒక్కో మాటకు ఒక్కో అంకె చెప్తా. కుడిపక్క మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటా పో."

నాలుగు పాదాల పద్యం అది. రెండు పాదాలు దాటి మూడోది మొదలయ్యేసరికి బండ మీద ఇరవై అంకెలు నిలబడ్డాయి. వాటిలో ఒకటి నేను తప్పు రాశాను. జేజినాయన బండ వైపు ఒక్కసారి చూసి, అంకెలన్నీ కూడమన్నాడు. ఎందుకు కూడమన్నాడో చెప్పాలంటే ముందు ఆ పద్యం పనితనం చెప్పాలి.

అది పావులూరి మల్లనది. తెలుగులో మొదటి గణితగ్రంథం రాసినవాడు మల్లన. 11వ శతాబ్దంవాడని ఎక్కువమంది చెబుతారు. ఆ పేరుగల తాతా మనవళ్ళలో గ్రంథకర్త ఎవరన్న చర్చ పండితుల్లో ఉంది కానీ, పద్యం విలువ దానివల్ల మారదు. రాష్ట్రకూట రాజు అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో, 9వ శతాబ్దంలో, జైనుడైన మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. జైనపరమైన ఉదాహరణల చోట శివపరమైనవి పెట్టాడు. మూలమైన సంస్కృత గ్రంథాన్ని 1912లో మద్రాసులో ఎం. రంగాచార్య అచ్చు వేయించాక ప్రపంచం చదివింది. మల్లన పద్యాలు మాత్రం అంతకు ఎన్నో తరాల ముందు నుంచే తెలుగు కరణాల నోళ్ళలో తిరుగుతున్నాయి. మా జేజినాయనకు అది పుస్తకం నుంచి రాలేదు. ఆయన నాయన చదవగా విని నేర్చుకున్నాడు.

ఇక ఆ పద్యంలోకి వెళదాం. మల్లన అంకెలను అంకెల పేర్లతో చెప్పడు. వస్తువుల పేర్లతో చెబుతాడు. చంద్రుడు ఒక్కడే కాబట్టి చంద్రుడంటే ఒకటి. వేదాలు నాలుగు, మన్మథుడి బాణాలు అయిదు, కులపర్వతాలు ఏడు. ఆకాశం శూన్యం కాబట్టి సున్న. వీటిని భూతసంఖ్యలంటారు. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు నడవడం ఆనవాయితీ. జ్యోతిషులు, శాసనకర్తలు శతాబ్దాల పాటు వాడిన పద్ధతే ఇది. మల్లన కనిపెట్టినది కాదు. ఆయన పనితనం మాటల ఎంపికలో ఉంది.

మన సంఖ్యలో ఒకటి మూడుచోట్ల వస్తుంది. మూడుసార్లూ చంద్రుడే వస్తాడు, మూడు వేర్వేరు పేర్లతో: శశి, చంద్ర, తుహినాంశు. ఏడు కూడా మూడుచోట్ల ఉంది. మూడూ కొండలే: నగం, భూధరం, గిరి. సున్న రెండుచోట్ల వస్తే ఒకసారి వియత్తు, ఒకసారి గగనం. నాలుగు నాలుగుచోట్ల ఉంది. వాటిలో రెండు సముద్రాలు, ఒకటి వేదం, ఒకటి బ్రహ్మ ముఖం. ఇరవై అంకెల్లో సరిగ్గా ఒక్కసారి మాత్రమే వచ్చేవి మూడు, ఎనిమిది, తొమ్మిది. వాటికి అగ్ని, ఏనుగు, శరీరంలోని నవరంధ్రాలు నిలిచాయి. అసలు రానే రానిది రెండు. రెండును రెట్టించి రెట్టించి పుట్టించిన సంఖ్యలో రెండు అన్న అంకె ఎక్కడా లేదు. ఇది నేను పెద్దవాణ్ణయ్యాక, ఒక రాత్రి అంకెలు లెక్కపెడుతూ చూసిన సంగతి. మళ్ళీ ఒకసారి లెక్కపెట్టి గానీ నిద్రపోలేదు.

ఇప్పుడు అయిదు దగ్గరికి వద్దాం. పనివాడి చెయ్యి నాకు బాగా కనిపించింది ఇక్కడే. అయిదు మూడుచోట్ల ఉంది. మల్లన రెండుచోట్ల శరం అన్నాడు, మూడో చోట సాయకం అన్నాడు. అర్థం రెండింటికీ బాణమే. మూడో చోట మాట మార్చింది వైవిధ్యం కోసం కాదు. పద్యం చంపకమాల. పాదానికి 21 అక్షరాలు, పదకొండో అక్షరం యతిస్థానం. మొదటి పాదం 'శ'తో మొదలైంది. పదకొండో అక్షరం దగ్గర దానికి మైత్రి ఉన్న అక్షరం పడాలి, అక్కడే గురువు కూడా కావాలి. శరం అంటే లఘువు పడుతుంది, గణం చెడుతుంది. 'సా' అయితే యతి కుదురుతుంది, గురువూ కుదురుతుంది. బాణం, ఇషువు, భూతం, ఇంద్రియం, ఇలా అయిదుకు మాటలెన్నో ఉండగా ఆ చోటికి సాయకమే వచ్చింది. సంఖ్య అక్కడ అయిదు కావాలంటోంది, ఛందస్సు అక్కడ 'సా' కావాలంటోంది, రెండు కోరికలూ ఒక్క మాటతో తీరాయి.

ఆరు రెండుచోట్ల వస్తుంది. మొదటి పాదంలో షట్కం అని తిన్నగా చెప్పేశాడు. రెండో పాదంలో తర్కం అన్నాడు, తర్కాలు ఆరు కాబట్టి. రెండు మాటలూ ఒకే కొలతవి, ఒక గురువు, ఒక లఘువు. మరి తర్కాన్ని రెండో పాదానికి ఎందుకు దాచుకున్నాడు? రెండో పాదం 'ధ'తో మొదలవుతుంది. దాని యతి దగ్గర తవర్గాక్షరం కావాలి. తర్కంలోని 'త' సరిగ్గా పదకొండో స్థానంలో కూర్చుంది. ఆ 'ధ' ఎక్కడిదంటే భూధరంలోది. పాదం చివర 'భూ' పడి, 'ధర' కింది పాదానికి జారింది. అలా జారడంవల్ల రెండో పాదానికి రేఫ ప్రాస కూడా వచ్చింది. మూడు కొండల్లో నగం గానీ గిరి గానీ ఆ అతుకు దగ్గర పెడితే ఈ పని జరగదు. ఎనిమిది దగ్గరా అదే నేర్పు. ఎనిమిదికి గజం, కరి, దంతి అన్నీ ఉన్నా కుంజరాన్నే తెచ్చి రెండో పాదం చివర 'కుం' నిలిపి, మూడో పాదాన్ని 'జర'తో మొదలుపెట్టాడు. ప్రాస మళ్ళీ రేఫే. ఇరవై అంకెలకు 48 అక్షరాలు పట్టాయి. మిగిలిన 36 అక్షరాల్లో ఇది చదరంగపు గళ్ళలో రెట్టింపు వేసిన మొత్తమని, లోకప్రసిద్ధమని చెప్పి ముగించాడు. కుదరని చోట పూరణకు వేసే మాటలు అంకెల భాగంలో ఒక్కటీ లేవు.

నంద్యాలవాణ్ణి కాబట్టి ఒక్క చిన్న కోరిక చెప్పుకుంటాను. తొమ్మిదికి భూతసంఖ్యల్లో నంద అన్న మాట కూడా ఉంది, తొమ్మిదిమంది నందరాజుల పేరు మీద. నందరాజుల పేరుతో ముడిపడిన కథలు మా క్షేత్రానికీ ఉన్నాయి. రంధ్రం చోట నంద పెట్టి చూశాను. అక్కడ యతి లేదు, ప్రాస లేదు. రెండు మాటలకూ గురువు, లఘువు ఒక్కటే. పద్యం ఏమాత్రం చెడదు. అప్పటి నుంచి నేను ఒంటరిగా చదువుకునేటప్పుడు అక్కడ నంద అనే చదువుకుంటాను. మల్లన మాట మల్లనదే. పదిమంది ముందు ఆయనదే చదువుతాను.

ఇంతకూ ఆయన 64 గళ్ళూ వేసి కూడాడా? అక్కర్లేదు. ప్రతి గడిలోని గింజలు, దానికి ముందున్న గళ్ళన్నిటి మొత్తం కంటే సరిగ్గా ఒకటి ఎక్కువ. ఎనిమిదో గడిలో 128, మొదటి ఏడు గళ్ళ మొత్తం 127. కాబట్టి 64 గళ్ళ మొత్తం కావాలంటే, లేని 65వ గడిలోని గింజలు తెలుసుకుని ఒకటి తీసేస్తే చాలు. అంటే 2⁶⁴ నుంచి 1. ఇక 2⁶⁴కు కూడా 64 సార్లు రెట్టించనక్కర్లేదు. 64ను సగం చేస్తూ పోతే 32, 16, 8, 4, 2, 1 వస్తాయి. ఆరుసార్లు సగం చేశాం కాబట్టి రెండును ఆరుసార్లు వర్గం చేస్తే చాలు: 4, 16, 256, 65,536, 429,49,67,296, ఆ తర్వాత మన సంఖ్యకు ఒకటి ఎక్కువైనది. సరి అయితే సగం చెయ్యి, బేసి అయితే ఒకటి తీసెయ్యి, తిరుగుదారిలో వర్గం, గుణకారం చేసుకుంటూ రా. మహావీరాచార్యుడు గుణోత్తర శ్రేఢికి చెప్పిన పద్ధతి ఇదే. ఆయనకు ఎన్నో శతాబ్దాల ముందు పింగళుడు ఛందశ్శాస్త్రంలో చెప్పిందీ ఇదే. మల్లనకు కొంచెం ముందే, క్రీ.శ. 1000 ప్రాంతంలో, అల్ బిరూనీ కూడా ఈ చదరంగపు లెక్కను వర్గాల దారిలోనే చేశాడు.

పింగళుడు లెక్కలు రాయలేదు, ఛందస్సు రాశాడు. మరి ఈ లెక్క ఆయనకెందుకు? ప్రతి అక్షరం గురువో లఘువో అవుతుంది. ఒక అక్షరానికి రెండు దారులు, రెండు అక్షరాలకు నాలుగు, మూడుకు ఎనిమిది. పాదంలో అక్షరం పెరిగినప్పుడల్లా వృత్తాల సంఖ్య రెట్టింపవుతుంది. చదరంగం బల్ల మీద జరిగేది అదే. 21 అక్షరాలకు 20,97,152 వృత్తాలు. వాటన్నిటినీ వరుసగా రాస్తే ప్రస్తారం. ఫలానా వృత్తం ఆ వరుసలో ఎన్నోదో చెప్పడానికి ఉద్దిష్టం అని ఒక ప్రక్రియ ఉంది. అక్షరాల మీద ఎడమ నుంచి 1, 2, 4, 8 అని రెట్టిస్తూ అంకెలు వేయాలి. లఘువుల మీద పడ్డ అంకెలన్నీ కూడి, ఒకటి కలపాలి. చంపకమాలకు ఇలా చేస్తే 7,11,600 వస్తుంది. ఛందోగ్రంథాల్లో చంపకమాల 7,11,600వ వృత్తమని ఉండేది అందుకే.

ఈ పద్యం మీద నాకున్న మమకారమంతా ఇక్కడుంది. ఒకటి మొదలు రెట్టించి కూడితే వచ్చిన సంఖ్యను మల్లన ఒక వృత్తంలో పెట్టాడు. ఆ వృత్తానికి వరుసలో చోటు దొరికేదీ ఒకటి మొదలు రెట్టించి కూడితేనే. 64 అక్షరాల పాదం ఒకటి ఊహించండి. అక్షరాలన్నీ లఘువులే అనుకోండి. వాటి మీద రెట్టింపు అంకెలు వేసి కూడితే వచ్చేది సరిగ్గా మన సంఖ్య. ఒకటి కలిపితే ఆ ప్రస్తారంలో చిట్టచివరి వృత్తం వరుస సంఖ్య. ఇప్పటి కంప్యూటరువాళ్ళు ఇదే సంఖ్యను 64 ఒకట్లుగా రాసుకుంటారు. 64 బిట్ల గదిలో పట్టే అతిపెద్ద సంఖ్య ఇది. వాళ్ళ ఒకటి, మన లఘువు. అదే సంఖ్యను చేతిలో ఇమిడే కాలిక్యులేటరులో వేస్తే 1.844674407 అని చూపి, పక్కన పది ఘాతం 19 అని ఊరుకుంటుంది. తాటాకు మీది పద్యం ఇరవై అంకెలూ పోగొట్టుకోకుండా తెచ్చి ఇచ్చింది.

రెట్టింపు తెలుగువాడి చేతిలో ఉన్న లెక్కే. కోస్తా పాత కొలతలు చూడండి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచానికి 64 గిద్దలు! చదరంగం బల్లకెన్ని గళ్ళో అన్ని. కళ్ళం దగ్గర వడ్లు కొలిచే మనిషి చేతులు రోజంతా ఈ లెక్కే చేసేవి. మహానంది నుంచి దక్షిణంగా ఆళ్లగడ్డ పోతే రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినిపిస్తుంది. అక్కడి శిల్పులు చదివే శాస్త్రంలో కొలత ఎనిమిదేసి రెట్లు పెరుగుతుంది, అంటే ఒక్కో మెట్టుకు మూడు రెట్టింపులు. ఎనిమిది పరమాణువులు ఒక రథధూళి, ఎనిమిది రథధూళులు ఒక వెంట్రుక కొన, అక్కడి నుంచి లిక్ష, యూక, యవ, చివరకు అంగుళం. ఆరు మెట్లు. అంగుళానికి 2,62,144 పరమాణువులు, అంటే 2¹⁸. ఒకసారి ఒక పెద్దాయన నంది మూపురం మీద చెయ్యి వేసి, "ఒక్క యవ ఎక్కువ తీసినా మెడ వాలిపోతాది నాయనా" అన్నాడు. యవ అంటే ధాన్యపు గింజే.

ఇప్పుడు సంఖ్య లోపలికి దిగుదాం. మహానంది కోనేటి నీళ్ళు చూసినవాళ్ళకు ఈ భాగం సులువుగా తెలుస్తుంది. నిలువెత్తు నీళ్ళలో అడుగున పడ్డ నాణెం పైనుంచి కనిపిస్తుంది. ఇరవై అంకెల సంఖ్య ఏదైనా ఒకటి ఇచ్చి దీని కారణాంకాలేవో చెప్పమంటే, చేత్తో చేసేవాడికి ఆ నీళ్ళు మసకే, అడుగు కనపడదు. ఈ సంఖ్యకు మాత్రం మెట్లున్నాయి. ఒక వర్గం నుంచి ఒకటి తీసేస్తే, వర్గమూలానికి ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ, ఈ రెంటి లబ్ధం వస్తుందని బళ్ళో చదివిందే. 2⁶⁴ వర్గమే కదా. కాబట్టి మన సంఖ్య 2³² కంటే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువల లబ్ధం. ఒకటి తక్కువైనది మళ్ళీ అలాగే విడిపోతుంది. అది మళ్ళీ. ఆరు మెట్లు దిగితే అడుగు తగులుతుంది:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297.

ఎక్కేటప్పుడు ఆరు వర్గాలు, దిగేటప్పుడు ఆరు మెట్లు. ఈ ఆరింటికీ ఫ్రెంచి గణితజ్ఞుడు ఫెర్మా పేరు ఉంది. ఈ వరుసలోవన్నీ ప్రధాన సంఖ్యలే అయి ఉంటాయని 17వ శతాబ్దంలో ఆయన నమ్మాడు. మొదటి అయిదూ నిజంగానే ప్రధానాలు. ఆరోదాన్ని 1732లో ఆయిలర్ విరగ్గొట్టాడు: 641 × 6700417. ఇందులో 641ని చూస్తే ముచ్చటేస్తుంది. అయిదును నాలుగుసార్లు గుణిస్తే 625, రెండును నాలుగుసార్లు గుణిస్తే 16, కలిపితే 641. మరోవైపు అయిదును 128తో గుణించి ఒకటి కలిపినా 641. ఈ రెండు ముఖాలు చాలు. 640 అంటే 641కి ఒకటి తక్కువ కాబట్టి, 640ని నాలుగుసార్లు గుణించి 641తో భాగిస్తే శేషం ఒకటి. 640 నాలుగో ఘాతమంటే 5⁴ × 2²⁸. అందులో 625 చోట, 641 పరంగా, 'ఋణ 16' పెట్టవచ్చు. అప్పుడది ఋణ 2³² అవుతుంది. దాని శేషం ఒకటి అంటే, 2³²కు ఒకటి కలిపితే 641తో నిశ్శేషంగా పోతుంది. పది అంకెల సంఖ్యను ఒక్కసారి కూడా భాగించకుండా భాగహారం అయిపోయింది.

అలా మన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. ఏదీ రెండుసార్లు రాదు. అందువల్ల దీనిని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు మొత్తం 128. రెండు ఏడో ఘాతం. రెట్టింపు ఇక్కడా వదల్లేదు. ఇంకో విశేషం. 1796లో పంతొమ్మిదేళ్ళు నిండని గౌస్ 17 భుజాల సమబహుభుజిని కొలబద్ద, వృత్తలేఖినితో గీయవచ్చని చూపాడు. అలా గీయడానికి వీలయ్యే బేసి భుజాల ఆకృతుల్లో మనకు తెలిసిన అతిపెద్దదానికి 429,49,67,295 భుజాలు. అది చదరంగంలో మొదటి సగం బల్ల మీది గింజల మొత్తం. ఆ నాలుగు వరుసల మొత్తానికి కారణాంకాలన్నీ ఫెర్మా ప్రధానాలే. నిండు బల్ల దగ్గర 641 వచ్చి ఆ దారి మూసింది.

గింజల లెక్క కూడా వరుసలవారీగా చూడాలి. జేజినాయన అయితే బస్తాల్లోకి మార్చకుండా ఊరుకోడు. నంద్యాల ఆయకట్టులో పండే సన్నరకం వడ్లు వెయ్యి గింజలు 15 గ్రాములనుకుందాం. మొదటి వరుస ఎనిమిది గళ్ళలో 255 గింజలు, నాలుగు గ్రాములు కూడా లేవు. రెండు వరుసలు నిండితే కిలోకు కాస్త తక్కువ. మూడు నిండితే రెండున్నర క్వింటాళ్ళు, 75 కిలోల బస్తాలు మూడు నిండి కొంచెం మిగులుతుంది. నాలుగు నిండితే, అంటే సగం బల్లకు, 859 బస్తాలు. ఇది ఒక మండీ ఒక్కరోజులో ఎత్తగల సరుకే. ఇక్కడిదాకా రాజుగారికి ఏ ఇబ్బందీ లేదు. అయిదో వరుసకు 16 వేల టన్నులు దాటుతుంది, ఆరో వరుసకు 42 లక్షల టన్నులు. ఏడో వరుసకు 108 కోట్ల టన్నులు. ఇప్పుడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే వడ్లు 80 కోట్ల టన్నులకు అటూ ఇటూ. చివరి వరుస నిండితే 27,670 కోట్ల టన్నులు. ప్రపంచపు పంటంతా మూడు వందల ఏళ్ళకు పైగా పోస్తూనే ఉండాలి.

ఇదే సంఖ్యను 1883లో ఎదువార్ లూకాస్ అనే ఫ్రెంచి గణితజ్ఞుడు ఒక ఆటబొమ్మలో పెట్టి, దానికి కాశీలో ఒక గుడి కథ అల్లాడు. 64 బంగారు బిళ్ళలను ఒక కడ్డీ నుంచి ఇంకో కడ్డీకి, పెద్దది చిన్నదాని మీద పెట్టకుండా, ఒక్కొక్కటిగా మార్చాలి. అందుకు తక్కువలో తక్కువ పట్టే కదలికలు మన సంఖ్య అన్ని. సెకనుకొకటి చొప్పున అయినా 58 వేల కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది. బ్రహ్మకు పగలు 432 కోట్ల ఏళ్ళు, రాత్రి మరో 432 కోట్లు. ఆ లెక్కన బ్రహ్మకు రెండు నెలల పైచిలుకు పని. మల్లన ఈ సంఖ్యలో ఒక నాలుగుకు బ్రహ్మ ముఖాన్ని పెట్టాడని గుర్తొస్తే ఆ ఊహ నాకు ఇంకా ఇష్టమవుతుంది.

ఇప్పుడు బండ మీది తప్పు సంగతి. పద్యానికి ఒక కాపలా గుణం ఉంది. అంకెలుగా రాసిపెడితే నకలు రాసేవాడి చెయ్యి జారి ఏదైనా మారవచ్చు. పద్యంలో మాట మారితే గణం చెడుతుంది, లేదా యతి తప్పుతుంది, వినేవాడి చెవికి తగులుతుంది. అయితే ఈ కాపలా అన్ని చోట్లా లేదు. అబ్ధి అంటే సముద్రం, నాలుగు. అగ్ని అంటే మూడు. రెండింటికీ ఒక గురువు, ఒక లఘువు. ఒకదాని చోట ఇంకొకటి పడ్డా చంపకమాల చంపకమాలగానే ఉంటుంది. ఛందస్సు పట్టుకోలేని తప్పు అది. నేను చేసింది అదే. జేజినాయన అబ్ధి అంటే నాకు అగ్ని అని వినపడింది. అప్పటికి మూడు మాటల ముందే అగ్ని ఒకటి వచ్చి ఉంది, చెవి దాని మీదే నిలిచింది.

"అన్నీ కూడు" అన్నాడు జేజినాయన.

ఎనభై ఆరు వచ్చింది.

"తొమ్మిదులు తీసెయ్."

"అయిదు మిగిలింది."

"ఆరు మిగలాల. రెండును రెట్టిస్తా పో. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. తొమ్మిదులు తీసేస్తే ఏం మిగులుతాయి?"

"రెండు, నాలుగు, ఎనిమిది, ఏడు, అయిదు, ఒకటి."

"ఆ తర్వాత మళ్ళా రెండే. ఆరింటికొకసారి తిరుగుతాది. అరవై నాలుగులో ఆర్లు తీసేస్తే నాలుగు, అంటే నాలుగోది, ఏడు. ఒకటి తీసెయ్, ఆరు. నీ లెక్కలో ఒకటి తక్కువైంది. పద్యం మళ్ళా చదువుతా, వేలు పెట్టుకుంటా రా."

కుడి నుంచి ఒక్కో అంకె మీద వేలు పెడుతూ వచ్చాను. నగం దాటింది, అగ్ని దాటింది, భూధరం దాటింది. గగనం దగ్గర రెండో సున్న. దాని ఎడమ పక్కన నా వేలు మూడు మీద ఉంది, ఆయన నోట సముద్రం వచ్చింది. తడిపంచె కొసతో ఆ మూడును తుడిచి, సుద్దముక్క నా చేతికిచ్చాడు. నాలుగు రాశాను. మళ్ళీ కూడమన్నాడు.

ఎనభై ఏడు.